ఉప్పుబోరుకు తగ్గ చేపలు

కల్లూరులో జ్ఞానరాజు ఇల్లెక్కడ అని అడిగితే ఇంటి నంబరు చెప్పేవాళ్ళు ఉండరు. "ఉప్పుబోరు జ్ఞానరాజా? ఆ సందులోకి తిరుగు. తెల్లగా పొర కట్టిన కుళాయి యాడ కనిపిస్తే ఆడ నిలబడు" అంటారు. ఆ తెలుపు ఎవరూ పూసింది కాదు. ఆయన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి కుళాయికీ, బకెట్లకూ, స్నానాల గది బండలకూ, చివరికి ఆయన భార్య విశ్వాసమ్మ గాజులకూ పట్టించిన పొర అది.

పేరు ఊరికే రాదు కదా. ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనికని వచ్చి, కష్టపడి ఇల్లు కట్టుకుని, బోరు వేయించుకునేటప్పుడు జ్ఞానరాజు ఏ లోటూ చేయలేదు. పాస్టరయ్యను పిలిచి ప్రార్థన చేయించాడు. ఆయన స్కూటరు సందు మలుపు తిరగ్గానే, ఎందుకైనా మంచిదని, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే మనిషినీ పిలిపించాడు. విశ్వాసమ్మ వేపచెట్టు పక్కన వేయమంది. కొబ్బరికాయ మాత్రం ప్రహరీ మూలన లేచి నిలబడింది. జ్ఞానరాజు కొబ్బరికాయ మాటే విన్నాడు. నీళ్ళు పడ్డాయి, మనిషెత్తున చిమ్మాయి కూడా. ప్రార్థన చేసిన ఆయనా, కాయ పట్టిన ఆయనా రుచి సంగతి అడగడం మరిచిపోయారు, అంతే.

ఆ నీళ్ళతో పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. టీ పెడితే పాలు విరుగుతాయి. తాగడానికీ వండడానికీ ఫిల్టరు నీళ్ళ క్యాను కొనుక్కోవాల్సిందే. అప్పట్నుంచి ఆ ఇంట్లో జ్ఞానరాజు మాటకు ఆ బోరు నీళ్ళకున్నంత విలువే మిగిలింది. ఫ్యాను మార్పిద్దామన్నా, కూతురు మహిమ దగ్గరికి కడపకు బస్సులో కాకుండా వేరే దారిన పోదామన్నా, విశ్వాసమ్మ చేతిలో పని ఆపకుండా ఒకటే మాట అంటుంది.

"మళ్ళా బోరేస్తాండావా?"

ఎత్తిపొడుపు మాటలకు జ్ఞానరాజు అలవాటు పడిపోయాడు. నవ్వి ఊరుకునేవాడు. ఆయన్ను కోసేది ఆమె అనని మాట. బోరుకు చేతిలో ఉన్నది చాలక, విశ్వాసమ్మ పల్లెలో పెంచుకున్న మేకల మందను అమ్మారు. ఒక్కోదానికి ఒక్కో పేరుండేది. పిలిస్తే పేరుగలదే వచ్చేది, మిగిలినవి మేస్తూ ఉండేవి. సంతలో వాటిని వదిలి వస్తున్న రోజు ఆమె బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఊరొచ్చేదాకా ఇటు తిరగలేదు. ఇన్నేళ్ళలో బోరును వెయ్యి రకాలుగా దెప్పింది గానీ మేకల ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని జ్ఞానరాజుకు ఉండేది. ఆ బోరు ఏదో ఒక మంచికి పనికొచ్చిందని ఆమె నోట ఒక్కసారి వినాలి. ఆయన కోరిక అంతే.

అట్లాంటి రోజుల్లో ఫ్యాక్టరీ ఆఫీసుకు రంగులు వేయిస్తూ, మూలనున్న చిన్న గాజు తొట్టిని తీసేయమన్నాడు యజమాని. ఊరికే వస్తోందంటే వదిలే రకం కాదు జ్ఞానరాజు. ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో ఇంటికి తెచ్చాడు. విశ్వాసమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "మూత ఉండింటే ఊరగాయ పెట్టేకి బాగుండు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, చవకలో రెండు ఎర్రచేపలు కొందామని జ్ఞానరాజు కర్నూలులోని చేపల దుకాణానికి వెళ్ళాడు. దుకాణం భూపేష్ అనే యువకుడిది. మాట మంచిది, ఓపిక ఎక్కువ. చేపను అమ్మేముందు నీళ్ళ సంగతి అడగడం అతని అలవాటు.

"మీ ఇంట్లో నీళ్ళు ఎట్లాంటివి సార్?"

అడగకూడని చోట అడిగినట్టు జ్ఞానరాజు తల దించుకున్నాడు. "ఉప్పునీళ్ళప్పా."

భూపేష్ మొహం చేటంతయింది. ఈ ఊళ్ళో ఉప్పునీళ్ళ తొట్టి పెట్టినవాళ్ళు దీపం పెట్టి వెతికినా దొరకరు. "నిజంగా ఉప్పునీళ్ళేనా సార్?"

"దీంట్లో అబద్ధం చెప్పేదానికి ఏముండాది? కల్లూరంతా తెలుసు."

"పెట్టి ఎన్నాళ్ళయింది?"

"ఏడేండ్లు."

"ఏడేండ్లా" అని భూపేష్ చేతిలోని వల కింద పెట్టేశాడు. "మేము నెలన్నరకే నీళ్ళు పండినాయి, చేపల్ని వదలొచ్చు అంటాం సార్."

"మావి పండేటివి గావు, ఎండేటివీ గావు. నడి ఎండాకాలంలో గూడా వస్తానే ఉంటాయి."

భూపేష్‌కు ఆ మాట సగమే అర్థమైంది గానీ, అర్థమైన సగంతోనే ఉబ్బిపోయాడు. "అంచులకు తెల్లగా కడ్తాదా?"

"కట్టకుండా ఉంటాదా? గోకల్లంటే ఉలి గావల్ల."

అంతే. భూపేష్ ఆయన్ను చెయ్యి పట్టుకుని లోపలికి, ఒక పరదా వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ నీలి వెలుగులో ఒక తొట్టి ఉంది. అందులో రాళ్ళ మధ్య, ఎవరో పండగకు రంగులు వేసి వదిలినట్టున్న చేపలు తిరుగుతున్నాయి.

"సముద్రం చేపలు. ఉప్పునీళ్ళల్లో తప్ప బతకవు. ఈడ అందరికీ తుంగభద్ర నీళ్ళు, ఎవరు పెంచుతారు? మీకైతే నీళ్ళు తయారుగా ఉండాయి" అన్నాడు భూపేష్.

ఉప్పునీళ్ళల్లో తప్ప బతకవు. జ్ఞానరాజుకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. పప్పు ఉడకని నీళ్ళ కోసం, పాలు విరిగే నీళ్ళ కోసం, ఏకంగా ఒక జాతి ప్రాణాలు పెట్టుకుని ఉందంటే ఆయనకు కళ్ళు చెమర్చినంత పనైంది. కొబ్బరికాయ పాపం తప్పు చెప్పలేదు, కొంచెం ముందుగా చెప్పిందంతే అనుకున్నాడు.

ధైర్యం వచ్చిన మనిషి చూపు పెద్దవాటి మీదే పడుతుంది. ఈకలు విప్పుకున్నట్టున్న ఒక చేపను చూపించి "అది ఇయ్యప్పా" అన్నాడు.

"దాని ముళ్ళల్లో విషముంటాది సార్. పక్కనున్న చిన్న చేపల్ని మింగేస్తాది గూడా."

"పోనీ ఆ నీలం చేప."

"మీ తొట్టి ఎంతుంటాది?"

జ్ఞానరాజు చేతులు చాచి చూపించాడు. ఎందుకైనా మంచిదని కొంచెం ఎక్కువే చాచాడు.

"అయినా చాలదు సార్. ఈదేకి జాగా లేకపోతే అది గాటికి కట్టేసిన కోడె మాదిరి గింజుకుంటాది. మొదటిసారి పెంచేటోళ్ళకు, అందునా చిన్న తొట్టికి, ఓర్చుకునే జాతి గావల్ల" అంటూ భూపేష్ నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చిన్న చేపల్ని చూపించాడు. "వీటిని క్లౌన్ చేపలంటారు. ఇవి సముద్రంలో పట్టి తెచ్చినవి గావు, తొట్టిలోనే పుట్టినవి. ఏమేసినా తింటాయి, కొట్లాడవు. వీటికి తోడు పాచి తినేకి నాలుగు నత్తలు, మిగిలిన మేత ఏరుకునేకి ఒక పీత. మొదటికి ఇంత చాలు."

చాలు అంటే చాలు. కానీ జ్ఞానరాజు కొనలేదు. ప్రాణమున్నదేదైనా విశ్వాసమ్మ చూడకుండా కొనకూడదనే ఆ ఇంటి పాత కట్టుబాటు డబ్బు తీయబోతుంటే గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో, చూలుతో ఉందని ఎక్కువ పెట్టి ఆయన ఒక మేకను తోలుకొచ్చాడు. అది ఎన్నాళ్ళయినా ఈనలేదు. దాని కడుపులో ఉన్నది పిల్ల కాదు, వట్టి తిండి. అప్పట్నుంచి జీవాలను ఎంచే పని ఆమెదే.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాడు. "మన నీళ్ళల్లో తప్ప అవి బతకవంట విశ్వాసమ్మా."

"మన నీళ్ళల్లో మనమే బతకలేక క్యాన్లు కొంటాంటిమి. మళ్ళా బోరేస్తాండావా?" అంది ఆమె. అని ఊరుకోలేదు. కాసేపు బియ్యం ఏరి, తలెత్తకుండా అడిగింది. "వాటికి మేత ఏంది? పూటకెంత?"

మేత అన్న మాట ఆమె నోట విని ఎన్నేళ్ళయిందో జ్ఞానరాజుకు గుర్తు లేదు.

మరుసటి ఆదివారం ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. విశ్వాసమ్మ చంకలో చిన్న సంచి ఉంది. అందులో ఏముందని ఆయన అడిగితే "నీకెందుకు" అంది. పరదా వెనక తొట్టి ముందు నడుముకు చెంగు దోపుకుని నిలబడింది, సంతలో మంద ముందు నిలబడినట్టే.

"మేతెయ్యి నాయనా" అంది భూపేష్‌తో.

"ముందు ఏవి గావల్లో చూపియ్యండి పెద్దమ్మా."

"తినేది చూడకుండా సంతలో ఎవరన్నా బేరమాడ్తారా?"

భూపేష్‌కు ఆ మాట నచ్చింది. కొనేవాళ్ళందరూ రంగు చూస్తారు, తిండి చూసేవాళ్ళు అరుదు. చిటికెడు మేత వేశాడు. విశ్వాసమ్మ ఒక్కొక్కదాన్నీ పట్టి చూసింది. రాయి సందులో నక్కిన పసుపు చేపను చూపించి, "అది వద్దు. మేతకు రాని జీవం ఇంటికొచ్చి ఏం చేస్తాది?" అంది. ఇంకోదానికి డొక్కలు ఎగిరిపడుతున్నాయని తోసేసింది. మరోటి తోక చిరిగిందని పక్కన పెట్టింది. చివరికి ఆమె చూపు కూడా ఆ తెల్ల పట్టీల జంట దగ్గరే ఆగింది. రెండూ ఎగబడి తింటున్నాయి.

"దీంట్లో ఆడది ఏది?"

"పెద్దది ఆడది పెద్దమ్మా. ఈ జాతిలో ఆడదే పెద్ద. మగది దాని చెప్పుచేతల్లోనే తిరుగుతాది."

విశ్వాసమ్మ ఒకసారి మొగుడి వైపు చూసింది. "జాతి మంచిదే" అంది.

గుల్లను ఇల్లు చేసుకుని మోసుకు తిరిగే చిన్న పీత కూడా ఆమెకు నచ్చింది. పెరిగేకొద్దీ ఇంకా పెద్ద గుల్ల వెతుక్కుని మారిపోతుందని భూపేష్ చెబితే, "తెలివైంది. ఇల్లుండాది, బోరు లేదు" అంది. జ్ఞానరాజు ఆ దెబ్బను కూడా ఓర్చుకున్నాడు. తన రోజు వస్తోందని ఆయనకు తెలుసు.

ఆమె అద్దానికి వేలు ఆనించింది. పెద్ద చేప పట్టీలు మెరుస్తూ వచ్చి వేలి ఎదుట ఆగింది. వేలు పక్కకు జరిపితే అదీ జరిగింది.

"మా బొల్లి మాదిరే వస్తాండాది" అంది విశ్వాసమ్మ, ఎవరితోనో కాదు, తనలో తనే.

"బొల్లి అంటే ఎవరు పెద్దమ్మా?"

"మేక."

సంత నుంచి వచ్చిన రోజు తర్వాత ఆ పేరు ఆ నోట రావడం ఇదే మొదలు. జ్ఞానరాజు అటు తిరిగి, గోడకు తగిలించిన గాలి పైపులను కొనబోతున్నవాడిలా చాలాసేపు చూశాడు.

"సరే, ఇంగ చూపిస్తాం" అని విశ్వాసమ్మ సంచిలోంచి ఒక నీళ్ళ సీసా తీసింది. జీవాన్ని పట్టేముందు మన ఇంటి నీళ్ళు దాని మూతి దగ్గర పెట్టాలనేది ఆమెకు తల్లి నేర్పిన పద్ధతి. తాగితే ఆ ఇంట్లో నిలుస్తుంది. మొహం తిప్పుకుంటే ఎంత చవకగా ఇచ్చినా వదిలేసి రావాలి. "మా నీళ్ళు. కొంచెం దీంట్లో పొయ్యి నాయనా, ఏమంటాదో చూస్తాం."

"అట్ల పొయ్యగూడదు పెద్దమ్మా, ఇట్లియ్యండి" అని భూపేష్ సీసా తీసుకున్నాడు. ఉప్పు కొలిచే చిన్న దుర్భిణి లాంటి గొట్టం తెచ్చి, దాని అద్దం మీద ఒక చుక్క వేసి, వెలుతురుకు పట్టి చూశాడు. గుడ్డతో తుడిచి, ఇంకో చుక్క వేసి మళ్ళీ చూశాడు.

"తాగే నీళ్ళ సీసా తెచ్చినట్లుండారు. ఉప్పునీళ్ళు యాడ?"

"ఇవే" అన్నారు మొగుడూ పెళ్ళాం ఒక్కసారే.

"ఇవి మంచినీళ్ళు గదా సార్."

జ్ఞానరాజు దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా, ఇంగోసారి చెప్పు."

భూపేష్ గొట్టాన్ని ఆయన కంటికి పెట్టాడు. "సముద్రం నీళ్ళయితే గీత ఆ పైకి రావల్ల. మీవి అడుగునే ఉండాయి. వీటిలో ఉండేది ఎక్కువ సున్నం సార్, ఉప్పు శానా తక్కువ. సముద్రం లెక్కన ఇవి మంచినీళ్ళే. ఈ చేపల్ని ఏసింటే పొద్దుగూకేలోపల పోతాయి." అంతలో అతనికి ఇంకో అనుమానం వచ్చింది. "మరి ఏడేండ్లు అంటిరి?"

"బోరేసి."

"తొట్టి పెట్టి గాదా?"

"తొట్టి మొన్ననే తెచ్చినాను. బోరప్పా నేను చెప్పింది, బోరు."

భూపేష్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

జ్ఞానరాజుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఊరంతా ఉప్పు ఉప్పు అని వెక్కిరించిన బోరు ఉప్పు కాదని తేలింది. తేలకతేలక అది ఉప్పుగా ఉండి తీరాల్సిన రోజునే తేలింది. ఆమెకు జీవాలు పోగొట్టిన బోరుతోనే మళ్ళీ జీవాలు తెచ్చిపెట్టాలనుకున్నాడు, అదీ మునిగింది. ఇప్పుడు వస్తుంది ఆ మాట అనుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ మాట రాలేదు. విశ్వాసమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తోంది. "మరి వీటికి ఏ నీళ్ళు పొయ్యల్ల?"

"ఫిల్టరు క్యాను నీళ్ళు తెచ్చి, ఈ సముద్రపు ఉప్పు కొలిచి కలపల్ల పెద్దమ్మా. వంటుప్పు పనికిరాదు. కలిపి, రాళ్ళు పెట్టి, కొన్ని వారాలు కాసుకోవల్ల. ఆ తర్వాతనే జీవాలు."

"అంటే ఇంట్లో నీళ్ళు ఉప్పని మంచినీళ్ళు కొనల్ల. ఆ మంచినీళ్ళల్లో ఉప్పు కొని కలపల్ల."

"అంతే."

విశ్వాసమ్మ నవ్వడం మొదలుపెట్టింది. మొదట పైట అడ్డం పెట్టుకుంది. తర్వాత అదీ వదిలేసి, గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అట్లాంటి నవ్వు జ్ఞానరాజు పల్లెలో చూశాడు, మేకలు కొట్టంలో తొక్కుకుని ఆమె మీద పడినప్పుడు. చూస్తూ చూస్తూ ఆయనకూ నవ్వొచ్చింది.

"ఉప్పియ్యి నాయనా" అంది ఆమె ఊపిరి పీల్చుకుని.

"వద్దులే విశ్వాసమ్మా, మళ్ళా బోరేసినట్లయితాది" అన్నాడు జ్ఞానరాజు. ఆ మాట తన నోట తనకే వింతగా ఉంది.

"కానీలే. జీవాన్ని ఎంచుకున్నాక ఆడ వదిలిపెట్టి వస్తానా? ఒకసారి వదిలొచ్చింది చాలు."

ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. తగిలింది గానీ, ఇన్నేళ్ళు లోపల బిగుసుకుని ఉన్నదేదో అప్పుడు కొంచెం వదులైంది. ఉప్పు సంచిని తనే ఎత్తుకున్నాడు.

పోయేముందు విశ్వాసమ్మకు ఒక అనుమానం వచ్చింది. సంతలో బేరం కుదిరిన జీవానికి వీపు మీద రంగు పూస్తారు, ఇంకొకరు తోలుకుపోకుండా. "దీనికి రంగెట్ల పూసేది?" భూపేష్ తల గోక్కుని, జంటను వేరే చిన్న తొట్టిలోకి మార్చి, అద్దం మీద కాగితం అంటించి "బొల్లి" అని రాశాడు.

తర్వాతి వారాల్లో ఆ సందంతా వింతగా చూసింది. జ్ఞానరాజు క్యాను నీళ్ళు మోస్తాడు, విశ్వాసమ్మ కొలిచి ఉప్పు కలుపుతుంది. అడిగినవాళ్ళ ముందు ఇద్దరూ నీళ్ళు నమిలారు. మొదట రాళ్ళు వచ్చాయి. నీళ్ళు నిలకడకు వచ్చాయని భూపేష్ పరీక్షించి చెప్పాక నత్తలూ పీతా వచ్చాయి. అవి బాగా తిరుగుతున్నాయని చూసుకున్నాకే బొల్లి తన మొగుడిని వెంటబెట్టుకుని వచ్చింది. విశ్వాసమ్మ పొద్దున ప్రార్థన కాగానే నేరుగా తొట్టి దగ్గరికి పోయేది. జ్ఞానరాజు టీ కొంచెం ఆలస్యమయ్యేది.

ఒక సాయంత్రం పక్కింటి నాగలత చేపల్ని చూడడానికి వచ్చింది. జ్ఞానరాజు బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. కిటికీ తెరిచే ఉంది.

"ఉప్పునీళ్ళ చేపలంట గదక్కా" అంది నాగలత. "పోనీలే, మీ బోరు ఇన్నాళ్ళకన్నా దేనికో ఒకదానికి పనికొచ్చె."

జ్ఞానరాజు చెయ్యి కుళాయి మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆయన వినాలనుకున్న మాటే అది, కాకపోతే వేరే నోట వచ్చింది. అబద్ధం కూడా.

"ఎవరు చెప్పినారు నీకు?" అంది లోపల విశ్వాసమ్మ. "ఈ నీళ్ళు కలిపిన నీళ్ళు. మా బోరు ఉప్పు గాదమ్మా. మిషిను పెట్టి చూపిచ్చినాం. సముద్రం లెక్కన అవి మంచినీళ్ళు. మా ఆయన వేపిచ్చిన బోరు."

నాగలత గట్టిగానే నవ్వింది. "మంచినీళ్ళయితే ఒక గ్లాసు ఇయ్యక్కా, తాగిపోతా."

"సముద్రం లెక్కన అంటి గదమ్మా" అంది విశ్వాసమ్మ, చిటికెడు మేత నీళ్ళలో వేస్తూ. "నువ్వు చేపవా?"

బయట జ్ఞానరాజు కుళాయి విప్పాడు. అటూ ఇటూ చూసి, ఒక దోసిలి పట్టి తాగాడు. ఎప్పటిలాగే ఉప్పగా, నాలుకకు పొర కట్టేట్టు ఉన్నాయి. ఇంకో దోసిలి పట్టాడు.